నాగుపాము పిల్లని ఇంట్లో పెంచుకోవచ్చా? ముందు ఆ డబ్బా సంగతి చూడు

ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప కదిపితే జానెడు దాటిన నాగుపాము పిల్ల బయటపడింది. దాన్ని ఎలాగో ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి మూత పెట్టాడు. ఇప్పుడు చేపల తొట్టెలో పెట్టి పెంచుకుందామని ఉంది. ఎంత తొట్టె కావాలి, తిండి ఏం పెట్టాలి, కోరలు తీయించేస్తే ఇంక భయం ఉండదు కదా, ముందు జాగ్రత్తగా విరుగుడు మందు కొని ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చా అని నాలుగు సందేహాలు అడిగాడు.

తమ్ముడూ, తొట్టె మాట తర్వాత. ముందు ఆ డబ్బా ఎక్కడుందో చూడు. ఎండ తగిలే చోట ఉంటే పాము కాసేపట్లోనే ఉడికి చచ్చిపోతుంది. వంటింట్లోనో మంచం కిందో ఉంటే అంతకంటే ప్రమాదం. నీడగా ఉండే, తలుపు గడియ పడే గదిలో నేల మీద, తొణకని చోట పెట్టు. బల్ల మీద వద్దు, ఎవరి చెయ్యో తగిలితే పడిపోతుంది. మూత మీద ఒక ఇటుక పెట్టు. డబ్బా మీద 'విషప్పాము ఉంది, తెరవొద్దు' అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించు. నువ్వు లేనప్పుడు అమ్మో, చిన్నపిల్లలో పప్పుల డబ్బా అనుకుని తీసే ప్రమాదం ఉంది. గాలి ఆడదేమోనని మేకుతో మూతకి చిల్లులు పొడవకు. జానెడు పాము పీల్చే గాలి చాలా తక్కువ, మామూలు డబ్బాలో ఒక రాత్రికి ఇబ్బంది ఉండదు. పాలు పొయ్యకు, కప్పని వెయ్యకు, ఎలా ఉందో అని మూత తీసి చూడకు. తర్వాత అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. వాళ్ళే మనిషిని పంపుతారు, లేదంటే మీ మండలంలో శిక్షణ పొంది పాములు పట్టేవాళ్ళు ఎవరున్నారో చెబుతారు. ఈ పని రేపటికి వాయిదా వెయ్యకు.

నీ అసలు ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో: పెంచకూడదు, పెంచలేవు కూడా. పాము మీద ఇష్టంతో అడిగావని అర్థమైంది. కుప్పలో కనిపించగానే కర్ర తీసే ఊళ్ళో దాన్ని చంపకుండా డబ్బాలోకి ఎక్కించడం చిన్న విషయం కాదు. అందుకే ఊరికే వద్దని వదిలెయ్యకుండా, ఎక్కడ ఎందుకు తప్పుతుందో విడమరిచి రాస్తున్నాను.

చట్టం సంగతి ముందు ముగిద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుని పట్టుకోవడం కూడా వేట కిందకే వస్తుంది. నాగుపాము మొదటి షెడ్యూల్‌లో, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జంతువుల జాబితాలో ఉంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఆ షెడ్యూల్‌లోని జంతువు విషయంలో నేరం రుజువైతే శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు, జరిమానా 25,000 రూపాయలకి తగ్గదు. నీ పెరట్లో దొరికింది కాబట్టి నీదే అన్న వాదన నిలవదు, అడవి జంతువు ఎవరి స్థలంలో ఉన్నా ప్రభుత్వ ఆస్తే. పాములవాడి దగ్గర కొన్నా అంతే. విషం లేని జెర్రిపోతుని పెంచుకుంటానన్నా కుదరదు. పాముతో దిగిన వీడియోలు పెట్టేవాళ్ళు తమ మీద సాక్ష్యం తామే తయారు చేసుకుంటున్నారు. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: ప్రాణరక్షణ కోసం, వేరే దారి లేక చంపాల్సి వస్తే అది నేరం కాదు. ఇంట్లోకి వచ్చిన పాముని డబ్బాతో మూసి అటవీశాఖకి కబురు పెట్టినవాణ్ణి ఎవరూ దొంగలా చూడరు, కాబట్టి ఫోన్ చెయ్యడానికి భయపడకు.

ఇక పిల్లపాము కదా, విషం తక్కువేమో అన్న ధీమా. ఇది పెద్ద పొరపాటు. నాగుపాము పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేసరికే పడగ విప్పుతుంది, కాటు వేస్తుంది, కోరల్లో విషం ఉంటుంది. పరిమాణం తక్కువే కావచ్చు గాని, ఆసుపత్రి పాలు చెయ్యడానికి అది చాలు. పైగా పిల్లపాము అదిరిపాటు ఎక్కువ ఉన్న జీవి. పెద్దది కొన్నిసార్లు బుసకొట్టి, మూతి మూసే పొడిచి హెచ్చరిస్తుంది. పిల్లది ప్రతి నీడనీ శత్రువే అనుకుంటుంది.

తొట్టె ఎంత కావాలన్నావు. కొలత కంటే మూత ముఖ్యం. పాము తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా పడుతుంది. నీ పిల్ల తల నీ చిటికెన వేలి గోరంత ఉంటుందేమో, అంటే మూతకీ గాజుకీ మధ్య సెంటీమీటరు సందు దానికి వీధి గుమ్మంతో సమానం. చేపల తొట్టెలకి వచ్చే మూతల్లో లైటు వైరుకీ గాలి గొట్టానికీ కోసిన కన్నం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. జరిపే గాజు పలకలు వాడితే రెండు పలకలు ఒకదానిమీద ఒకటి వచ్చే చోట సందు మిగులుతుంది. దోమతెర వల బిగిస్తే పాము రాత్రంతా మూతితో నెట్టి నెట్టి ఒక మూల ఊడదీస్తుంది, మూతి రాసుకుని పుండు కూడా పడుతుంది. పాము తప్పించుకోవడానికి బలం అక్కర్లేదు, ఓపిక చాలు. దానికి రాత్రి పొడుగునా వేరే పని లేదు. పెంకుటింట్లో తప్పించుకున్న పాముని వెతకడం ఎవరి తరమూ కాదు. దూలం పైన, గాదె వెనక, బియ్యం బస్తాల మధ్య, మడత మంచం గొట్టంలో ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రాత్రి నుంచి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

అసలు విషప్పాముల్ని లెక్కప్రకారం ఉంచే చోట ఎలా ఉంచుతారో తెలిస్తే తేడా అర్థమవుతుంది. జూలలో, పరిశోధన కేంద్రాల్లో పాముల గదికి రెండు తలుపులుంటాయి, బయటిది మూశాకే లోపలిది తీస్తారు. తలుపులో చిన్న గాజు కిటికీ ఉంటుంది. లైటు వేసి, నేల మొత్తం అందులోంచి చూసి, ఆ తర్వాత అడుగు పెడతారు. గదిలో బీరువాలూ గోనెసంచులూ ఉండవు, తూములన్నిటికీ సన్న వల ఉంటుంది, గుమ్మం కింద వెంట్రుకవాసి సందు ఉండదు. ప్రతి పెట్టెకీ తాళం, ప్రతి పెట్టె మీదా లోపల ఏ పాము, ఎన్ని ఉన్నాయి, కరిస్తే ఏ మందు అన్న చీటీ. పెట్టె లోపల ఇంకో చిన్న దాగుడు పెట్టె ఉంటుంది. పాము అందులోకి దూరాక బయటినుంచి పొడుగాటి కడ్డీతో దాని తలుపు మూసి, అప్పుడే మిగతా పెట్టె శుభ్రం చేస్తారు. అంటే శుభ్రం చేసే చెయ్యీ పామూ ఒకే గాలిలో ఉండవు. పాముని పరీక్షించాలంటే ఒళ్ళుకి సరిగ్గా పట్టే పారదర్శక గొట్టంలోకి పోనిస్తారు. సగం దూరాక ఒళ్ళునీ గొట్టాన్నీ కలిపి పట్టుకుంటారు, లోపల వెనక్కి తిరిగే చోటు ఉండదు. ఏ పనికైనా ఇద్దరు ఉండాలి. ఒంటరిగా ఒక్క పెట్టె కూడా తెరవరు, ఎందుకంటే కరిచినవాణ్ణి బయటికి తేవడానికీ, పామున్న పెట్టెని మూయడానికీ రెండో మనిషే దిక్కు.

తమిళనాడులో మామల్లపురం దగ్గర, పాములు పట్టే ఇరుళ తెగవాళ్ళ సహకార సంఘం 1978లో ఏర్పడింది, విషం తీసే పని చేస్తోంది. మన దేశంలో విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషంలో చాలా భాగం అక్కణ్ణుంచే వెళ్తుంది. వాళ్ళు పాముల్ని మట్టికుండల్లో ఉంచుతారు. కుండలో సగం దాకా ఇసుక, మూతికి బట్ట కట్టు, అంతే. తరతరాలుగా పాములతో బతికిన ఆ చేతులు కూడా పాముని మూడు నాలుగు వారాలే ఉంచుకుంటాయి. కొన్నిసార్లు విషం తీసి, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి, అడవిలో వదిలేస్తాయి. అదీ అటవీశాఖ అనుమతి కాగితాలతో. అంత తెలిసినవాళ్ళే పెంపకం జోలికి పోలేదన్నది నువ్వు ఆలోచించాల్సిన విషయం.

తిండి దగ్గర ఇంకో చిక్కు ఉంది. పెంచేవాళ్ళని పాములు కరిచేది ఎక్కువగా మూడు సందర్భాల్లో: తిండి పెట్టేటప్పుడు, తొట్టె కడిగేటప్పుడు, ఎవరికైనా చూపించేటప్పుడు. పాము చూపు కదలికని పట్టుకుంటుంది, నాలుక వాసనని పట్టుకుంటుంది. ఎలుకని ముట్టుకున్న చేత్తో తొట్టె తెరిస్తే నీ చెయ్యే ఎలుక. అందులో కోపం లేదు, పగ లేదు, ఆకలి ఉంది. నాగుపాము పిల్లలు బయట చిన్న కప్పలు, బల్లులు, ఒక్కోసారి తోటి పాముల్ని తింటాయి. బందీగా పెట్టినవి కొన్ని ఎలుకపిల్లని ముట్టవు, వారాల తరబడి పస్తుండి చిక్కి చస్తాయి. పొలంలో కప్పలు పట్టి వేస్తే వాటి కడుపులోని పురుగులు పాముకి పడతాయి. పిల్లకి వారానికోసారైనా మేత కావాలి. కుబుసం సరిగ్గా ఊడకపోతే కంటి మీద పొర అలాగే ఉండిపోతుంది, గుడ్డిపామై ఇంకా అదురుతుంది. ఆ పొర తీసే పశువైద్యుడు మన చుట్టుపక్కల నీకు దొరకడం కష్టం. బతికితే నాలుగైదు అడుగులు పెరుగుతుంది, బందీగా ఇరవై ఏళ్ళు బతికిన నాగుపాములున్నాయి. నీ చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అన్నీ ఆ తొట్టె పక్కనే జరగాలన్నమాట. నువ్వు విశాఖలోనో హైదరాబాదులోనో పనికి కుదిరితే దాన్ని చూసేది ఎవరు? మీ అమ్మగారే కదా.

పాలు అసలు తాగదు. నాగులచవితికి పుట్ట దగ్గర పోసే పాలు భక్తి, దాన్ని కాదనను. కానీ బుట్టలో పాము పాలు తాగిందంటే, దాన్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగట్టారని అర్థం. దాహంతో ఏది దొరికితే అది తాగుతుంది, ఆ పాలు అరగక జబ్బు పడుతుంది.

కోరలు తీయించడం మాటకి వద్దాం. ఇది నిజంగా మనుషుల్ని చంపిన నమ్మకం. నాగుపాము కోర నోటి ముందువైపు పైదవడకి అంటుకుని ఉంటుంది, పొడుగు సెంటీమీటరు కూడా ఉండదు, లోపల బోలుగా సూదిలా ఉంటుంది. దాని వెనక చిగుళ్ళలో మరో కోర, దాని వెనక ఇంకోటి తయారవుతూ ఉంటాయి. మామూలుగానే కోరలు ఊడి కొత్తవి ముందుకి వస్తుంటాయి. పటకారుతో పీకితే ఆ ముందున్న జతే పోతుంది, వెనకది కొద్ది రోజుల్లో ఆ చోటికి వచ్చి కూర్చుంటుంది. విషపు తిత్తి కంటి వెనక ఎక్కడిదక్కడే ఉంటుంది. పిండేసినా రెండు మూడు వారాల్లో మళ్ళీ నిండుతుంది. పీకిన చిగురు చీము పట్టి పాము తిండి మానేస్తుంది. ఆ చీము నోటితో, సగం వచ్చిన కోరతో గీరినా విషం ఒంట్లోకి దిగుతుంది. 'కోరలు తీసిన పాము, పట్టుకో' అని బజార్లో ఎవరైనా మెడలో వెయ్యబోతే రెండడుగులు వెనక్కి జరుగు.

మచ్చిక అవుతుందని కూడా చాలామంది అంటారు. పాముకి అలవాటు పడటం తెలుసు. రోజూ కదిపితే పడగ విప్పడం తగ్గిస్తుంది, అంతే. పెంచిన చేతిని గుర్తుపట్టి ఊరుకోవడం దానికి తెలీదు. మన ఊళ్ళలో పాము పగబడుతుందని అంటారు కదా, అదీ లేదు. పగ గుర్తుపెట్టుకోలేని బుర్ర ప్రేమని మాత్రం ఎలా గుర్తుపెట్టుకుంటుంది? మూడు వందల రోజులు ఊరుకున్న పాము మూడు వందల ఒకటో రోజు ఒక నీడకి ఉలిక్కిపడితే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది నీ నాలుగో ప్రశ్న, మందు ఇంట్లో ఉంచుకోవడం. దీన్ని కాస్త నిదానంగా చదువు.

మన దగ్గర దొరికే విరుగుడు మందు నాలుగు పాములకి కలిపి చేసింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడుని శుద్ధి చేసి సీసాల్లో పొడిగా నింపుతారు. ఒక సీసా పొడిని 10 మిల్లీలీటర్ల శుద్ధ నీటిలో కరిగిస్తారు. ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని లేదా అంతే రక్తపింజరి విషాన్ని విరుస్తుంది, అంటే సీసాకి 6 మిల్లీగ్రాములు. పెద్ద రక్తపింజరి ఒక కాటులో సగటున 60 పైచిలుకు మిల్లీగ్రాములు దించగలదు. మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు ఎందుకు ఎక్కిస్తారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. అది సూదిమందులా పొడిచేది కాదు, సెలైన్‌లో కలిపి గంటసేపు నరంలోకి ఎక్కించాలి. గుర్రం రక్తం నుంచి వచ్చింది కాబట్టి కొందరికి ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, రక్తపోటు పడిపోవడం, గొంతు వాచి ఊపిరి ఆడకపోవడం జరుగుతుంది. ఆ క్షణంలో అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండకి ఇచ్చే మనిషి పక్కన ఉండాలి. లేకపోతే పాము చంపకపోయినా మందు చంపుతుంది. నాగుపాము విషానికి ఊపిరి కండరాలు పడిపోతే మందుతో పాటు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇస్తారు, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెడతారు. ఇవేవీ ఫ్రిజ్‌లో పట్టే వస్తువులు కావు. పైగా ఆ సీసాలు నువ్వు ఇంట్లో దాచుకుంటే, నాట్ల కాలంలో కరిపించుకుని ఆసుపత్రికి వచ్చిన రైతుకి ఆ మేరకి తక్కువవుతాయి.

ఆ మందు నాలుగు పాములకే అన్నది ఇంకోలా కూడా గుర్తుపెట్టుకో. మన తూర్పు కనుమల్లో తిరిగే గిరినాగుకి (కింగ్ కోబ్రా) అది పనిచెయ్యదు. దానికి విడిగా మందు థాయిలాండులో తయారవుతుంది, మన ఆసుపత్రుల్లో ఉండదు. అందుకే గిరినాగుతో ఫొటో దిగాలని కొండ ఊళ్ళకి పోయే కుర్రాళ్ళని చూస్తే గుండె జారుతుంది.

బతికినా నష్టం ఉంటుంది. నాగుపాము కాటు పడ్డ చోట కండ కుళ్ళుతుంది. వేలు పోతుంది, తొడ చర్మం తీసి అతికే ఆపరేషన్లు పడతాయి. మళ్ళీ మళ్ళీ విషం తగిలినవాళ్ళలో కొందరికి ఆ విషమే పడదు, తర్వాత కొద్దిపాటి గీరుకే ఒళ్ళు షాక్‌లోకి వెళ్తుంది. పాముల్ని రోజూ పట్టేవాళ్ళలో ఇది తెలిసిన సంగతే.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలు ఏడాదికి సగటున 58,000 అని అంచనా. వాటిలో ఎక్కువ భాగం పల్లెల్లోనే, వానాకాలంలోనే. కాబట్టి పెంపకం మాట వదిలేసినా ఈ కింది నాలుగు ముక్కలు మీ ఇంట్లో అందరికీ తెలియాలి.

పాము కరిస్తే మనిషిని కదలనివ్వకూడదు. నడవనివ్వద్దు, పరిగెత్తనివ్వద్దు. చేతికి కరిస్తే ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యాలి, వాపు వచ్చాక అవి బిగుసుకుంటాయి. ఎముక విరిగితే కట్టినట్టు బద్దతో కాలో చెయ్యో కదలకుండా వదులుగా కట్టాలి. తాడుతో బిగించి కట్టకూడదు, బ్లేడుతో కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, ఐసు పెట్టకూడదు. పసరు, మంత్రం పేరిట అరగంట పోతే అది ప్రాణంలోంచి పోయినట్టే. ఎవరైనా అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో ఠక్కున విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు ఎదుట విప్పాలి. కట్టు విడగానే ఆగిన విషం ఒక్కసారి పైకి వస్తుంది. 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేలోపు బైకు ఉంటే కరిచినవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని బయల్దేరవచ్చు. వాంతి అయితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. పాముని వెతికి, చంపి పట్టుకెళ్ళనక్కర్లేదు. డాక్టరు చికిత్స చేసేది లక్షణాలకి, పాముకి కాదు. తెగిపడిన పాము తల కూడా కొంతసేపటి దాకా కరుస్తుంది. కరిచిన టైము మాత్రం కచ్చితంగా చెప్పాలి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోవాలి. లేదంటే నేరుగా శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి.

అక్కడ డాక్టరు రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తాడు. గడ్డకట్టకుండా నీళ్ళలా జారితే పింజరి విషం ఎక్కినట్టు. ఆ ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యట్లేదని గొడవ పడే బంధువులుంటారు. అది పరీక్షే, మధ్యలో గొట్టం కదిపితే మళ్ళీ మొదలుపెట్టాలి. రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఉమ్మి మింగలేకపోవడం, మెడ నిలబెట్టలేకపోవడం నాగుపాము, కట్లపాము లక్షణాలు. ఏమీ కనిపించకపోయినా 24 గంటలు అక్కడే ఉండాలి.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. అది రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కళ్ళు తెరవలేక, గొంతు దిగక ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగించవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే ఈ కాటు చాలావరకు తప్పుతుంది. ఒక సాయం గుర్తు: కట్లపాము ఒంటి మీద తెల్ల పట్టీలు మెడ దగ్గర మసకగా, తోకవైపు పోయేకొద్దీ స్పష్టంగా, చాలాసార్లు జంటలుగా ఉంటాయి. దానిలాగే కనిపిస్తూ గోడలెక్కే విషం లేని పాముకి పట్టీలు మెడవైపు స్పష్టంగా ఉండి తోకవైపు చెరిగిపోతాయి. ఇది ఫొటోలో చూసి చెప్పడానికే పనికొస్తుంది. చేత్తో పట్టుకోవడానికి ఈ గుర్తుని నమ్మకు.

ఇప్పుడు మీ పెరడు. ఒక పిల్ల దొరికిందంటే అక్కడ ఒక్కటే ఉండకపోవచ్చు. నాగుపాము ఎండాకాలంలో పదీ ఇరవై గుడ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఎలుక బొరియలోనో పుట్టలోనో పెడుతుంది. సుమారు 50 నుంచి 70 రోజుల్లో పిల్లలవుతాయి, అంటే మన వానలు దిగే రోజులకి. పిల్లలు వచ్చాక తల్లి పట్టించుకోదు, అవి తలో దిక్కూ పోతాయి. కాబట్టి మూడు వారాల పాటు ఆ డొక్కల కుప్ప దగ్గర చేతులు పెట్టకండి. తర్వాత కుప్ప తీసేటప్పుడు గమేళాతో కాదు, పొడుగాటి కర్ర కొక్కెంతో, పగటిపూట, కాళ్ళకి గమ్‌బూట్లు వేసుకుని ఒక వైపు నుంచి లాగుతూ తియ్యండి. ఎటూ దారి లేకుండా చుట్టుముట్టొద్దు, పాము పోవడానికి ఒక పక్క ఖాళీ వదలండి. వంటచెరకు, కొబ్బరి మట్టలు గోడకి ఆనించకుండా నేలకి అడుగు ఎత్తున పేర్చండి. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. గాదె కింద బొరియలు సిమెంటుతో పూడ్చితే సగం పని అయిపోతుంది. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, స్నానాల గది తూముకి సన్న వల. రాత్రి పెరట్లోకి టార్చి లేకుండా వెళ్ళొద్దు. వెల్లుల్లి, గంధకం, ఫినాయిల్ చల్లితే పాములు రావన్నది నమ్మి డబ్బులు పోసుకోకు, పాము వాటి మీదుగా దాటిపోతుంది.

పాముని తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషిని కూడా కాస్త గమనించు. కొక్కెం, సంచి వాడి, జనాన్ని దూరం జరిపి, ఐదు నిమిషాల్లో పని ముగించేవాడు తెలిసినవాడు. పాముని ముద్దు పెట్టుకుంటూ, సెల్‌ఫోన్ ముందు ఆడించేవాణ్ణి మళ్ళీ పిలవకు. పాములు పట్టేవాళ్ళలో ప్రాణాలు పోయిన చాలామంది అలాంటి క్షణాల్లోనే పోయారు. ఎక్కడో ముప్పై కిలోమీటర్ల దూరం కొండల్లో వదులుతామంటే దగ్గర్లోనే ఎలుకలుండే, మనుషులు తిరగని చోట వదలమని అడుగు. తెలియని చోట వదిలిన పాము దారి వెతుక్కుంటూ తిరిగి తిరిగి రోడ్డు మీదో, కుక్కల నోట్లోనో పోతుంది.

నీకు పాముల మీద ఉన్న ఆసక్తిని వదులుకోమనను. అటవీశాఖ వాళ్ళు, వాళ్ళతో పనిచేసే సంఘాలు పెట్టే శిక్షణకి వెళ్ళు. మొదట ఏడాదంతా చూడటమే, పట్టడం కాదు. చెన్నై పాముల పార్కు పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టింది, ఆ పక్క వెళ్తే ఒక పూట అక్కడ గడుపు. పెట్టె ఎలా తెరుస్తారో, ఎంతసేపు చూసి తెరుస్తారో గమనించు. ఊళ్ళో కనిపించిన ప్రతి పాముకీ దూరం నుంచి ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఐనేచురలిస్ట్‌లో (చూసిన జీవుల్ని జనం నమోదు చేసే వెబ్‌సైటు) పెట్టు. శ్రీకాకుళం పొలాల్లో ఏ నెలలో ఏ పాము తిరుగుతుందో నీ దగ్గర ఒక లెక్క తయారైతే, అది మీ మండలం ఆరోగ్య కేంద్రానికి కూడా పనికొస్తుంది.

పాముని తీసుకెళ్ళేముందు ఒక పని చెయ్యి. డబ్బా పారదర్శకమైతే మూత తియ్యకుండా బయటినుంచే పడగ వెనక గుర్తు కనిపిస్తుందేమో చూడు. మనవాళ్ళు కృష్ణపాదాలనే కళ్ళజోడు గుర్తు ఉంటే మామూలు నాగుపామే. ఒకే గుండ్రం ఉంటే అది ఒంటికన్ను నాగు, పక్కనున్న ఒడిశాలో తిరిగేది. అలా కనిపిస్తే ఆ సంగతి వచ్చినతనికి చెప్పు, ఫొటో ఇక్కడ కూడా పెట్టు. గుర్తు కనిపించలేదని డబ్బా కదిపి, తట్టి, పడగ విప్పించకు.